సొంతంగా వైరింగ్ చేసుకునేవాళ్ళంటే ఎలక్ట్రీషియన్లకి ఎందుకంత మంట?

మురళీనగర్_మామూలోడు
పాత ఇంటికి ఏసీ పెట్టిస్తున్నాం. మెయిన్ బోర్డు నుంచి బెడ్‌రూమ్ దాకా విడిగా ఒక లైను లాగాలి, ఆ లైను నేనే లాగుతున్నాను. వైజాగ్ డాబాగార్డెన్స్‌లో ఒక షాపుకి వెళ్ళి 4 స్క్వేర్ ఎంఎం వైరు కాయిల్, 20 ఆంప్స్ సి-కర్వ్ ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే కట్ చేసే స్విచ్, ఏసీ స్టార్టయ్యేటప్పటి లాగుడుకి పడిపోని రకం), పైపులు, 16 ఆంప్స్ సాకెట్ అడిగాను. కౌంటర్లో ఉన్నాయన "ఎలక్ట్రీషియన్ ఎవరండీ?" అన్నాడు. నేనే చేసుకుంటున్నానని చెప్పాను. పక్కన టీ తాగుతున్న ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "యూట్యూబ్ బ్యాచ్" అన్నాడు ఒకాయన. "కానివ్వండి సార్, తర్వాత ఎలాగూ మేమే రావాలి" అన్నాడు రెండో ఆయన.

సామాను ఇచ్చారు, కాదనను. కానీ నాకంటే ముందు నిలబడ్డ ఎలక్ట్రికల్ మేస్త్రికి చెప్పిన రేటు వేరు, నాకు చెప్పిన రేటు వేరు. అదే కంపెనీ, అదే కాయిల్. వీళ్ళ బాధ నా ప్రాణం గురించా, వాళ్ళ కమీషన్ గురించా? ఎవరైనా నిజం చెప్పండి.

గాజువాక_వైర్‌మన్
రెండూ ఉన్నాయి. ముందు కమీషన్ సంగతే చెప్పేస్తాను. చాలా కంపెనీల కాయిల్ డబ్బాలో కూపనో, ఫోన్‌తో స్కాన్ చేసే కోడో ఉంటుంది. దాని మీద మాకు పాయింట్లు పడతాయి. షాపువాళ్ళు ఇచ్చేది వేరే. ఓనరే వెళ్ళి సామాను కొనుక్కుంటే ఆ రెండూ పోయి కూలి ఒక్కటే మిగులుతుంది, ఆ కూలి దగ్గర కూడా బేరమే. మాకు మంట లేదంటే అబద్ధం.

రెండోది కూడా వినండి. గోపాలపట్నంలో ఒక ఇంటికి పిలిస్తే వెళ్ళాను. వంటింట్లో ఇండక్షన్ స్టవ్‌కి ఓనర్ గారు స్వయంగా పాయింటు పెట్టుకున్నారు. ఎక్కడి నుంచి? లైట్ల లైను నుంచి. ఎంసీబీ మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే అది పాడైందనుకున్నారు. షాపుకి వెళ్ళి 32 ఆంప్స్‌ది తెచ్చి బిగించారు. ఇంకేం, ట్రిప్ అవడం మానేసింది! నేను బోర్డు విప్పేసరికి స్క్రూ దగ్గర వైరు తొడుగు గోధుమరంగులోకి మారి గట్టిపడిపోయింది, వేలితో వంచితే పొడిపొడిగా రాలింది. ఆ ఇంటావిడ "కొన్నాళ్ళుగా చేపల వాసన వస్తోంది బాబూ, పక్కింటివాళ్ళు వండుతున్నారనుకున్నాం" అన్నారు. స్విచ్చులు, సాకెట్లు వేడికి మాడితే చాలాసార్లు అలాంటి వాసనే వస్తుంది. మన వైజాగ్‌లో చేపల వాసన వస్తే ఎవరు అనుమానపడతారు చెప్పండి?

ఎంసీబీ ఉన్నది వైరుని కాపాడటానికి. వైరు తట్టుకునేదాని కంటే పెద్ద ఎంసీబీ పెడితే ఇక కాపాడేది ఏమీ లేదు. కరెంటు రెట్టింపు అయితే వేడి నాలుగింతలు అవుతుంది. గోడలో మూసేసిన పైపులోంచి ఆ వేడి బయటికి ఎక్కడికి పోతుంది? నవ్వినవాళ్ళు తప్పే చేశారు. కానీ ఆ నవ్వు వెనకాల ఇలాంటి బోర్డులు చాలా ఉన్నాయి.

ఎంవీపీ_నుంచి
మరి ఆ 32 అమ్మినవాడిది తప్పు కాదా?

కౌంటర్లో_కూర్చునేవాణ్ణి
నాలాంటివాడి గురించే కాబట్టి నేనే చెప్తాను. వైరు అమ్మడానికి కొనేవాడి లైసెన్స్ చూడాలని మాకు ఎవరూ చెప్పలేదు. కాలిపోయిన 16 చేతిలో పట్టుకొచ్చి 32 అడిగితే ఎందుకని నేను అడుగుతాను. "నీకెందుకయ్యా, ఉందా లేదా?" అంటారు. లేదంటే పక్క షాపులో దొరుకుతుంది.

రేటు సంగతికి వస్తే, మేస్త్రి ప్రతి వారం వస్తాడు, అతనికి ఖాతా ఉంటుంది, మిగిలిన పైపులు వెనక్కి తెచ్చినా తీసుకుంటాం. మీరు ఇల్లు కట్టినప్పుడో ఏసీ కొన్నప్పుడో వస్తారు. లిస్ట్ ప్రైస్ మీద ఇద్దరికీ ఒకే డిస్కౌంట్ ఎలా వస్తుంది సార్? ఇందులో మిమ్మల్ని అవమానించడం ఏమీ లేదు.

ఇంకో మాట. ఐఎస్ఐ మార్కు లేని చవక వైరు అడిగేది ఎక్కువగా ఎవరనుకుంటున్నారు? సొంతంగా చేసుకునేవాళ్ళు కాదు. వాళ్ళు ఫోన్లో ఫోటో చూపించి మరీ మంచి కంపెనీదే కావాలంటారు. "ఎర్త్ వైరు వద్దులే, ఎవరు చూస్తారు" అన్నది కాంట్రాక్టు పట్టిన ఎలక్ట్రీషియన్ నోటినుంచే విన్నాను.

కంచరపాలెం_డిప్లొమా
కంచరపాలెం పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివాను. ఒక షాపులో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (షాక్ నుంచి కాపాడే స్విచ్) కావాలంటే "సార్‌ని పంపండి మేడమ్, ఆయనకైతే తెలుస్తుంది" అన్నారు. మా సార్‌కి, అంటే మా ఆయనకి, ఫేజుకీ న్యూట్రల్‌కీ తేడా తెలియదు! తర్వాత టూ పోల్ ఎంసీబీ ఒకటి చేతిలో పెట్టి "రెండూ ఒకటే మేడమ్" అన్నారు.

రెండూ ఒకటి కాదు. ఎంసీబీ ఓవర్‌లోడుకీ షార్ట్ సర్క్యూట్‌కీ పడుతుంది. మనిషికి షాక్ కొట్టినప్పుడు ఒంట్లోంచి పోయే కరెంటు ఆంపులో చిన్న ముక్క, దానికి ఎంసీబీ కదలదు. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని ఆర్‌సీసీబీ చూస్తుంది, తేడా వస్తే కట్ చేస్తుంది. వానాకాలం గోడలు చెమ్మ పట్టే పెదవాల్తేరు ఇళ్ళలో ఇది లేకుండా గీజర్ వాడటమంటే నాకు భయం.

ఇప్పుడు ప్రొఫెషనల్స్ సంగతి. మా ఇంట్లో ఉన్న ఆర్‌సీసీబీ వానాకాలంలో పదేపదే పడుతోందని మా మామగారు ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచారు. ఆయన ఏం చేశాడో తెలుసా? దాన్ని బైపాస్ చేసి, డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత వెతికితే ఇన్వర్టర్ లైను న్యూట్రల్ ఇంకో లైను న్యూట్రల్‌తో ఒకచోట కలిసిపోయి ఉంది, తేడా అక్కడ వస్తోంది. వెతకడానికి ఓపిక కావాలి, పీకేయడానికి స్క్రూడ్రైవర్ చాలు. నవ్వే హక్కు వీళ్ళకి ఎవరిచ్చారండీ?

గాజువాక_వైర్‌మన్
మేడమ్, అలాంటివాణ్ణి మావాడని చెప్పుకోను. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్న ప్రతివాడూ ఎలక్ట్రీషియనే అయిపోతున్నాడు. మాకూ అదే కోపం.

రూల్_ప్రకారం
అందరూ ఒక విషయం వదిలేస్తున్నారు. 1956 నాటి రూల్స్‌లోనే ఉండేది, తర్వాత 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనల్లోనూ ఉండేది, వాటి స్థానంలో 2023లో వచ్చినవాటిలోనూ ఉంది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు లాంటివి ఉన్నవి తీసి అలాంటివే వేసుకోవచ్చు. కొత్తగా లైను కలపడం, ఉన్నది మార్చడం మాత్రం లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే చేయాలి, అదీ సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ చూస్తుండగా. అంటే ఈ ఏసీ లైను ఓనర్ గారు వేయకూడదు. అక్కడితో చర్చ అయిపోయింది.

మురళీనగర్_మామూలోడు
అయిపోలేదండీ. మీ అపార్ట్‌మెంట్‌లో ఏసీ లైన్లు ఎవరు వేశారో, వాళ్ళకి ఏ పర్మిట్ ఉందో ఒకసారి కనుక్కోండి. రూల్ నాకొక్కడికేనా?

స్తంభం_ఎక్కినవాణ్ణి
ఈపీడీసీఎల్‌లో (మన కరెంటు పంపిణీ సంస్థ) లైన్ల మీద పనిచేశాను, ఇప్పుడు రిటైర్డ్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఊరంతా స్తంభాలు పడిపోయి ఉన్నాయి, ఎక్కడ చూసినా జనరేటర్లే. చేంజోవర్ స్విచ్ (బయటి కరెంటు, జనరేటర్ రెండింట్లో ఒకసారికి ఒక్కదాన్నే ఇంటికి కలిపేది) లేకుండా, రెండు వైపులా ప్లగ్గులున్న వైరుతో జనరేటర్‌ని ఇంట్లో సాకెట్లోకి గుచ్చేవాళ్ళు. మెయిన్ ఆఫ్ చేయడం మరిచిపోతే ఆ 230 వోల్టులు సర్వీసు వైరు ఎక్కి, ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురు వెళ్ళి, అవతలి వైపు 11 వేల వోల్టుల దాకా లేస్తాయి. సబ్‌స్టేషన్లో ఫీడర్, అంటే ఆ ఏరియాకి వెళ్ళే లైను, ఆపేశాం కాబట్టి కరెంటు లేదని స్తంభం మీద ఉన్నవాడు అనుకుంటాడు. పని మొదలుపెట్టే ముందు లైను షార్ట్ చేసి ఎర్త్ చేయాలని మాకు నూరిపోసేది ఇందుకే.

అలాంటి వైర్లు తయారుచేసి ఇచ్చినవాళ్ళలో ఓనర్లూ ఉన్నారు, ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు. కాబట్టి ఎవరు చేశారన్నది కాదు నా గొడవ. నా ఇల్లు, నా ఇష్టం అంటే కుదరదు బాబూ. మీ సర్వీసు వైరు అవతలి కొసన మా వాళ్ళుంటారు.

ఎంవీపీ_నుంచి
అంకుల్ చెప్పిన తర్వాత షాపుల్లో అడగాల్సిన ప్రశ్న మారాలనిపిస్తోంది. "ఎలక్ట్రీషియన్ ఎవరు" అని కాదు, "దేనికి, ఎక్కడి నుంచి లాగుతున్నారు" అని అడగాలి. మేస్త్రి వచ్చినా అదే ప్రశ్న.

కౌంటర్లో_కూర్చునేవాణ్ణి
సాయంత్రం ఆరింటికి కౌంటర్ దగ్గర జనాన్ని చూసి ఆ మాట అనండి.

గాజువాక_వైర్‌మన్
మురళీనగర్ గారూ, మీరు కొన్న సామానుకి వంక పెట్టను, సైజులు సరిగ్గానే ఉన్నాయి. ఒక్కటి అడుగుతాను. ఎర్త్ ఎక్కడి నుంచి తీస్తున్నారు?

మురళీనగర్_మామూలోడు
మెయిన్ బోర్డులో పచ్చ వైరు ఉంది, అక్కడి నుంచి.

గాజువాక_వైర్‌మన్
బోర్డు దాకా ఉంది, సరే. అక్కడి నుంచి భూమిలోకి? మన గాలికి ఎర్త్ పైపు దగ్గర క్లాంపు తుప్పు తినేస్తుంది, రాగి మీద పచ్చగా చిలుము పడుతుంది. వైరు చూడటానికి భేషుగ్గా ఉంటుంది, పని మాత్రం చేయదు. లైటు వెలిగే మామూలు టెస్టర్‌తో ఇది తెలియదు. న్యూట్రల్ తెగినా టెస్టర్ ఫేజులో చక్కగా వెలుగుతుంది కదా, ఇదీ అంతే. భూమిలోకి దారి సరిగ్గా ఉందో కొలిచే ఎర్త్ టెస్టర్ పెట్టి చూడాలి, వైరు లాగాక తొడుగు ఎక్కడా దెబ్బతినలేదని చూసే మెగ్గర్ కూడా పెట్టాలి. ఈ రెండూ ఎవరూ ఇంట్లో ఉంచుకోరు.

మురళీనగర్_మామూలోడు
అన్నా, ఆ ఎర్త్ వేసింది కూడా ఎలక్ట్రీషియనే కదా!

గాజువాక_వైర్‌మన్
ఎవరు వేస్తే ఏంటి, ఇప్పుడు పనిచేస్తోందా లేదా అన్నది చూడాలి.

కంచరపాలెం_డిప్లొమా
ఆయన చెప్పింది నిజమే, అది కొలవకుండా ఏసీ ఆన్ చేయకండి. కానీ అడగాల్సింది అడుగుతాను. ఇంకొకరు చేసిన పనిని కొలిచి, బాగుందో లేదో చెప్పి, అంతవరకే డబ్బు తీసుకునే ఎలక్ట్రీషియన్ ఎక్కడ దొరుకుతాడు? పిలిచినవాళ్ళందరూ "మొత్తం పీకి మళ్ళీ వేస్తేనే వస్తా" అంటారు.

గాజువాక_వైర్‌మన్
చూసి సరే అన్నాక రేపు ఏదైనా జరిగితే నా పేరే వస్తుంది మేడమ్, అందుకే ఎవరూ ఒప్పుకోరు. నేనైతే వస్తాను, నాకు రెండు షరతులు. గోడ మూయకముందు పిలవాలి, బోర్డులో ఫైనల్ కనెక్షన్ నేనే ఇవ్వాలి. చెకింగ్‌కి సగం రోజు కూలి. ప్లాస్టరింగ్ అయిపోయాక ఫోన్ చేస్తే మాత్రం ఎత్తను.

మురళీనగర్_మామూలోడు
గోడ ఇంకా తెరిచే ఉంది. కూలికి ఒప్పుకుంటున్నాను. ఆదివారం వస్తారా?

గాజువాక_వైర్‌మన్
ఆదివారం అయితే ఫుల్ రోజు కూలి సార్.