హోటల్ వంటగదుల్లో గ్లవ్స్ తప్పనిసరి చేయాలా?

కూకట్‌పల్లి సుజాత:
మా పాపకు పోయిన నెల టైఫాయిడ్ వచ్చి 12 రోజులు మంచం దిగలేదు. ఇంట్లో ఫిల్టర్ నీళ్ళే తాగుతాం. బయట తినేదల్లా కాలేజీ పక్కనున్న టిఫిన్ సెంటర్‌లోనే. రుజువు లేదు కాబట్టి పేరు రాయను. నిన్న అక్కడికి వెళ్ళి పావుగంట నిలబడి చూశాను. పార్సిల్ కట్టే అబ్బాయి నోటు తీసుకున్నాడు, చిల్లర ఇచ్చాడు, మెడ మీద చెమట తుడుచుకున్నాడు, అదే చేత్తో నాలుగు ఇడ్లీలు తీసి కాగితంలో పెట్టాడు. 2024లో హైదరాబాద్ హోటళ్ళ మీద ఫుడ్ సేఫ్టీ వాళ్ళు వరసగా తనిఖీలు చేసినప్పుడు కూడా టోపీల్లేవు, గ్లవ్స్ లేవు, ఏప్రన్లు లేవు అనే మాటలే పదేపదే చదివాం. వాడి పారేసే గ్లవ్స్ ప్రతి వంటగదిలో తప్పనిసరి చేయాలి. మీరేమంటారు?

సాయంత్రం బజ్జీ:
నూటికి నూరుపాళ్ళు కరెక్ట్ మేడమ్.

పెనం దగ్గర 19 ఏళ్ళు:
మేడమ్ గారూ, పాపకు ఇప్పుడెలా ఉంది? నేను విజయవాడలో దోసె మాస్టర్ని. గ్లవ్స్ అని రాసేవాళ్ళు ఒక్క పూట పెనం ముందు నిలబడాలి. నీళ్ళు చల్లి, చీపురుతో తుడిచి, పిండి పోసి తిప్పేటప్పుడు చెయ్యి పెనానికి జానెడు దూరంలో ఉంటుంది. ఆ పల్చటి ప్లాస్టిక్ తొడుగు సెగకు ముడుచుకుపోయి చర్మానికి అంటుకుంటుంది. మా కుర్రాడికి బొటనవేలి దగ్గర అలాగే అంటుకుంటే, ఊడదీసినప్పుడు తోలు కూడా వచ్చేసింది. వారం రోజులు గరిటె పట్టలేకపోయాడు.

సాయంత్రం బజ్జీ:
పెనం దగ్గర ఎవరడిగారన్నా? మేడమ్ చెప్పింది పార్సిల్ కౌంటర్ సంగతి.

పెనం దగ్గర 19 ఏళ్ళు:
"ప్రతి వంటగదిలో" అని రాశారు తమ్ముడూ, పైకెళ్ళి చదువు. రూల్ వచ్చాక పెనానికొకటి, పార్సిల్‌కొకటి అని ఎవరూ చూడరు. ఇన్‌స్పెక్టర్ వచ్చి చెయ్యి చూస్తాడు, తొడుగు లేకపోతే రాసుకుపోతాడు. ఆ ఫైన్ మా జీతంలో కోస్తారు.

న్యూజెర్సీ వాసు:
ఎమ్మెస్ చేసేటప్పుడు శని ఆదివారాలు ఇక్కడ ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో పనిచేశాను. అమెరికా ఫుడ్ కోడ్‌లో ఉన్నది వేరు. మళ్ళీ పొయ్యి మీద పెట్టకుండా నేరుగా తినే పదార్థాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దంటారు. అందుకు గ్లవ్సే అక్కర్లేదు. పట్టకారు, గరిటె, కాగితం, ఏదైనా సరే. గ్లవ్స్ వేసుకుంటే మాత్రం ఒక పనికి ఒక జతే, తొడిగేముందు చేతులు కడగాలి.

కాలిఫోర్నియాలో ఈ ఒట్టి చేతుల నిషేధం 2014 జనవరిలో అమల్లోకి వచ్చింది. సుషీ అనే జపాన్ వంటకం చేత్తో చేసేవాళ్ళు, బార్లలో పనిచేసేవాళ్ళు గొడవ చేశారు, ఆ ఏడాది జూన్‌లోనే వెనక్కి తీసుకున్నారు.

మా కిచెన్‌లో ఏం జరిగేదో కూడా చెప్తాను. పచ్చి చికెన్‌కు మసాలా పట్టించిన గ్లవ్‌తోనే ఒకతను ఫ్రిజ్ తలుపు తీసి, కొత్తిమీర డబ్బాలో చెయ్యి పెట్టేవాడు. అదేంటంటే "గ్లవ్స్ ఉన్నాయిగా" అనేవాడు.

కూకట్‌పల్లి సుజాత:
ఒకడు తప్పుగా వాడాడని వద్దంటే ఎలా వాసు గారూ? హెల్మెట్ సరిగ్గా పెట్టుకోనివాణ్ణి చూసి హెల్మెట్టే వద్దంటామా?

మైక్రో పంతులు:
డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్తాను. వాసు చెప్పిన కొత్తిమీర డబ్బాయే అసలు సమస్య. ఒట్టి చేతికి జిగురంటితే కడుక్కోవాలనిపిస్తుంది. గ్లవ్ లోపలున్న చేతికి ఆ జిగురు తెలియదు. పైగా లోపల చెమట పట్టి, వెచ్చగా ఉండి క్రిములు పెరుగుతాయి. ఎక్కడో చిన్న చిల్లు పడితే ఆ చెమట అన్నంలోకే. శానిటైజర్‌తో సరిపెట్టేవాళ్ళూ ఉన్నారు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద అది సరిగా పనిచేయదు. సబ్బుతో 20 సెకన్లు రుద్ది, పారే నీళ్ళలో కడగాల్సిందే.

అలాగని గ్లవ్స్ పనికిరావని కాదు. వేలికి తెగినా, చీము పట్టినా కట్టు కట్టి దాని మీద గ్లవ్ వేసుకోవాలి. ఆ పుండులో ఉండే స్టాఫిలోకాకస్ అనే క్రిమి వదిలే విషం కూరను మళ్ళీ మరిగించినా పోదు.

ఇక టైఫాయిడ్. ఒంట్లో క్రిమి ఉన్నా జ్వరం రాకుండా తిరిగేవాళ్ళుంటారు. న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటావిడ అలాగే ఇంటింటికీ అంటించిందని 1907లో కనిపెట్టారు. ఆవిడ వేడి కూరల కంటే, పచ్చి పీచ్ పండ్లు వేసి చేసే ఐస్‌క్రీమ్ ద్వారా ఎక్కువ అంటిందని అనుమానించారు. పొయ్యి మీద ఉడికింది వేరు, చేత్తో కలిపి అలాగే పెట్టేది వేరు.

పెనం దగ్గర 19 ఏళ్ళు:
తిరిగి తిరిగి అక్కడికే వచ్చారు సార్. వంటవాడే రోగం. నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగారని ఎవరూ అడగరు. భుజం మీద మసిగుడ్డ చూడండి, పొద్దున్నుంచి రాత్రి దాకా బల్ల తుడిచేదీ, ప్లేటు తుడిచేదీ, చెయ్యి తుడుచుకునేదీ అదే. రెండోది అడిగితే ఇవ్వరు. మీకు మాత్రం మా చేతులే కనిపిస్తాయి. ఒక పెళ్ళి క్యాటరింగ్‌లో వడ్డిస్తుంటే ఒకాయన నా చెయ్యి చూసి, మీరేవిట్లు అని అడిగాడు. చెప్పాను. ఆకు ముందు నుంచి లేచిపోయాడు. ఈ గ్లవ్స్ మాట విన్నప్పుడల్లా నాకు ఆయన ముఖమే కనిపిస్తుంది.

కూకట్‌పల్లి సుజాత:
నేను కులం మాట ఎత్తానా? 104 జ్వరంతో పిల్ల పలవరిస్తుంటే రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చున్నదాన్ని. నా మాటను ఆయన మాటతో కట్టేస్తారా? డబ్బులిచ్చి తింటున్నాం. శుభ్రంగా పెట్టమని అడగడం కూడా తప్పేనా?

గుంటూరు మెస్సు ఓనర్:
ఇద్దరూ కాస్త ఆగండి. నాకు పదిమంది పనివాళ్ళు. పని మారినప్పుడల్లా మారిస్తే మనిషికి రోజుకు 20 జతలు, అంటే 200 జతలు. ఎవరు కొనాలి? కొన్నా వీళ్ళు వేసుకోరు. పొద్దున వేసుకున్నదే సాయంత్రం దాకా.

పెనం దగ్గర 19 ఏళ్ళు:
వేసుకోరంటున్న ఓనర్ గారికే చెప్తున్నా. పోయిన వేసవిలో నాకు మూడు రోజులు విరేచనాలు. ఫోన్ చేసి రాలేనంటే మా ఓనర్ ఏమన్నాడో తెలుసా? "రాకపోతే మూడు రోజుల కూలి పోతుంది, నాలుగో రోజు నీ పెనం దగ్గర ఇంకొకడుంటాడు." వచ్చాను. ఓఆర్ఎస్ తాగుతూ దోసెలు పోశాను, పచ్చడి వేశాను.

కూకట్‌పల్లి సుజాత:
విరేచనాలతో వచ్చి మా పిల్లల ప్లేట్లలో పచ్చడి వేశారా? ఇంతసేపూ మీ చేతులు శుభ్రమని వాదించింది మీరేనా?

పెనం దగ్గర 19 ఏళ్ళు:
అవును మేడమ్, వేశాను. నాకూ ఇద్దరు పిల్లలు. మూడు రోజుల కూలి వస్తుందంటే నేనెందుకు వస్తాను? ఆ రోజు గ్లవ్స్ ఇచ్చి ఉంటే మా ఓనర్ ఇంకా ధైర్యంగా రమ్మనేవాడు.

మైక్రో పంతులు:
మేరీ మాలన్ సంగతి నేను సగమే చెప్పాను, క్షమించు తమ్ముడూ. పట్టుకెళ్ళి ఒక దీవిలో ఉంచినావిణ్ణి 1910లో ఇక వంట చేయనని మాట తీసుకుని వదిలారు. బట్టలుతికే పనిలో చేరింది, అందులో వంట పనికొచ్చినంత జీతం రాలేదు. పేరు మార్చుకుని మళ్ళీ వంటగదిలో చేరింది. 1915లో దొరికాక చనిపోయేదాకా, అంటే 1938 దాకా, దీవిలోనే ఉంచేశారు.

మన దగ్గర ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2011 నిబంధనల్లో, షెడ్యూల్ 4లో ఇదంతా ఉంది. ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలి, టైఫాయిడ్ లాంటి పేగు రోగాలకు టీకా వేయించాలి, జబ్బుతో ఉన్నవాణ్ణి ఆహారం ముట్టుకోనివ్వకూడదు. ఆ రోజుల కూలి ఎవరిస్తారన్నదే తేలాలి.

గుంటూరు మెస్సు ఓనర్:
టీకా వేయిస్తాను. జ్వరమన్న ప్రతివాడికీ కూర్చోబెట్టి కూలి ఇవ్వడం చిన్న మెస్సు వల్ల కాదు. సీజన్లో వారానికి ఇద్దరు చొప్పున పడిపోతారు.

న్యూజెర్సీ వాసు:
అదొక్కటే కాదు ఓనర్ గారూ, మీ వంటగదిలో చేతులు కడగడానికి వేరే సింకు ఉందా?

గుంటూరు మెస్సు ఓనర్:
గిన్నెల సింకు ఉంది కదా.

పెనం దగ్గర 19 ఏళ్ళు:
మా దగ్గరా అంతే. బియ్యం కడిగేదీ, చికెన్ కడిగేదీ, చేతులు కడిగేదీ ఒకటే సింకు. సబ్బు మేనేజర్ సొరుగులో ఉంటుంది.

కూకట్‌పల్లి సుజాత:
సబ్బు సొరుగులో ఎందుకండీ?

పెనం దగ్గర 19 ఏళ్ళు:
ఎవరైనా ఇంటికి పట్టుకుపోతారని.

కూకట్‌పల్లి సుజాత:
పార్సిల్ కౌంటర్‌లో ఒట్టి చెయ్యి వద్దన్న మాట మీదే ఉన్నాను. డబ్బులు ముట్టుకున్న చెయ్యి ఇడ్లీ మీద పడకూడదు. రేపు ఆ టిఫిన్ సెంటర్‌కు వెళ్ళి సింకు, సబ్బు ఎక్కడున్నాయో కూడా అడుగుతాను.

పెనం దగ్గర 19 ఏళ్ళు:
గల్లా దగ్గర వేరే మనిషిని పెట్టమని కూడా అడగండి మేడమ్. ఆ కుర్రాణ్ణి మాత్రం ఏమీ అనకండి.