తీసుకున్నది తిరిగి ఇవ్వకుండా మారుమనస్సు అవుతుందా?

కంచరపాలెం (చర్చ మొదలుపెట్టినవారు):

అందరికీ వందనాలు. పోయిన నెల మొదటి ఆదివారం మా చర్చిలో జరిగింది రాస్తున్నాను. చర్చి పేరు, మనిషి పేరు రాయను, దయచేసి అడగకండి.

2017 వరకు మా వీధిలో ఒకాయన చీటీలు నడిపేవాడు. మా అమ్మ కుట్టు మిషన్ మీద సంపాదించిన దాంట్లోంచి నెలకు 4 వేల చొప్పున 26 నెలలు కట్టింది. చెల్లి పెళ్ళికి పనికొస్తాయని మధ్యలో చీటీ పాడుకోకుండా ఆఖరి దాకా ఆగింది. మొత్తం 1,04,000. ఒక రోజు తెల్లారేసరికి ఆయన ఇంటికి తాళం. మాలాంటి ఇళ్ళు ఇరవై దాకా ఉంటాయి.

ఇప్పుడు తిరిగొచ్చాడు. బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ఆదివారం మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాడు. తాగుడు, హైదరాబాదులో రైలు పట్టాల దాకా వెళ్ళడం, అక్కడెవరో చేతిలో పెట్టిన కరపత్రం, అన్నీ చెప్పాడు. ఏడ్చాడు కూడా. నటన అని నేను అనను. 51వ కీర్తన చదివాడు: "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను." అందరూ స్తోత్రం అన్నారు. చీటీల మాట మాత్రం ఎక్కడా రాలేదు. "కొందరిని బాధపెట్టాను" అన్నాడు, అంతే.

మా అమ్మ మూడో వరసలో ఉంది. తర్వాత సంస్కారం, అంటే ప్రభువు బల్ల. ఆయన వెళ్ళి మోకరించి రొట్టె, ద్రాక్షారసం తీసుకున్నాడు. అమ్మ లేవలేదు. పక్కావిడ మోచేత్తో పొడిచినా లేవలేదు. పాటల పుస్తకం అట్ట అంచుని గోటితో గీకుతూ కూర్చుంది. నాకు ఊహ తెలిశాక అమ్మ బల్ల దగ్గరికి వెళ్ళకపోవడం అదే మొదటిసారి. ఇంటికొచ్చాక "మనసులో ఇంత కోపం పెట్టుకుని ఎలా తీసుకుంటాను రా" అంది.

మోసపోయిన మనిషి వెనక ఉండిపోయింది, మోసం చేసిన మనిషి ముందుకెళ్ళాడు. అది నాకు మింగుడు పడటం లేదు. దేవుడు క్షమించేశాక మనుషుల బాకీ ఏమవుతుంది? తిరిగి ఇవ్వకుండా మారుమనస్సు అనేది ఉంటుందా?

గాజువాక:

తమ్ముడూ, మీ అమ్మగారి బాధ అర్థమైంది. అయినా ఉంటుందనే అంటాను. యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగ ఎవరికి ఏం తిరిగి ఇచ్చాడు? "నన్ను జ్ఞాపకము చేసికొనుము" అన్నాడు. అంతకుమించి అతను చేసింది లేదు. "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అని జవాబు వచ్చింది.

ఇది వాదన కోసం రాయడం లేదు. మా నాన్న కాంట్రాక్టు కూలీ. జీతమంతా తాగుడికే పోయేది. అమ్మ గాజులు కూడా అమ్మేశారు. లివర్ పాడైపోయి కేజీహెచ్ ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నారు. ఏడో రోజు రాత్రి నన్ను లేపి మంచినీళ్ళు అడిగారు. ఇస్తే తాగకుండా గ్లాసు అలాగే పట్టుకుని, "దేవుడు నన్ను చేర్చుకుంటాడంటావా?" అన్నారు. లూకా 23 చదివాను. ఇంకోసారి చదవమన్నారు. తొమ్మిదో రోజు పోయారు. గాజులు తిరిగి రాలేదు. ఆయన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, టైమూ లేదు. తిరిగి ఇస్తేనే మారుమనస్సు అని మీరంటే మా నాన్న ఎక్కడున్నట్టు?

కంచరపాలెం:

అన్నా, మీ నాన్నగారి గురించి ఒక్క మాట కూడా అనను. ఆ దొంగ చేతులకు మేకులున్నాయి. మీ నాన్నగారి చేతికి సెలైన్ సూది ఉంది. మా చీటీల ఆయన ఆ చేతులతోనే ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. నేను అడిగేది చేతనయ్యీ చెయ్యనివాళ్ళ గురించి. ఆ కీర్తనలో దావీదు "నీకే విరోధముగా" అన్నాడంటే, అతను చంపించిన ఊరియా అప్పటికే చచ్చిపోయాడు, వెళ్ళి కాళ్ళు పట్టుకుందామన్నా మనిషి లేడు. మా అమ్మ బతికే ఉంది కదా, రెండు వీధుల అవతల.

జ్ఞానాపురం:

మేం కథోలికులం. మాకు పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం, ఉంది కాబట్టి ఈ ప్రశ్న చిన్నప్పుడే ఎదురవుతుంది. నాకు పదేళ్ళప్పుడు పూర్ణా మార్కెట్ దగ్గర ఒక కిరాణా కొట్లో 20 రూపాయలు తీశాను. ఫాదర్ దగ్గర చెప్పుకుంటే పాపవిమోచనం ఇచ్చారు, మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నారు. హమ్మయ్య అనుకుని లేవబోతుంటే "ఆ ఇరవై తిరిగి ఇచ్చెయ్యి బాబూ" అన్నారు. జపాలు ఐదు నిమిషాల్లో అయిపోయాయి. ఆ నోటు పట్టుకుని కొట్టు చుట్టూ రెండు రోజులు తిరిగాను.

పాపం పోవడం వేరు, పాపం వల్ల జరిగిన నష్టం తీరడం వేరని మా బోధ. విమోచనం మొదటిదాన్ని తీసేస్తుంది, రెండోది మనం చేతనైనంత సరిచెయ్యాలి. దొంగిలించిన సొత్తు తిరిగి ఇవ్వడాన్ని మా సత్యోపదేశంలో (మా బోధల పుస్తకం) ఉదాహరణగా చెప్తారు కూడా. మా నాయనమ్మ ఏటా డిసెంబరు 8న మరియమ్మ పండక్కి రాస్ హిల్ కొండ ఎక్కేది. ఎక్కే ముందు రోజు, మాటలు లేని ఇంటికి తనే వెళ్ళి మాట్లాడి వచ్చేది. ఒక్కో ఏడు ఒక్కో ఇల్లు ఉండేది లెండి, ఆవిడకి కోపం ఎక్కువ.

మద్దిలపాలెం (సొంతూరు గుంటూరు):

పైన రాసినది మంచిదే, కానీ ఒక ప్రమాదం ఉంది. తిరిగి ఇవ్వడం అనేది క్షమాపణకు ధర అయిపోకూడదు. లూథరన్ ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు ఈ విషయంలో పట్టుదల ఎక్కువ. 1517లో లూథర్ రాసిన 95 వాదాల్లో మొదటిదే మారుమనస్సు మీద: విశ్వాసి బతుకంతా మారుమనస్సుగా ఉండాలి అని. గ్రీకులో మెటనోయా అంటే మనసు మళ్ళడం. తెలుగు బైబిల్లో ఆ చోట "మారుమనస్సు" అనే ఉంది, "ప్రాయశ్చిత్తం" అని లేదు.

పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి చూడండి. మేడిచెట్టు మీద ఉండగానే "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అని యేసు నుంచి మాట వచ్చింది. ఆ తర్వాతే అతను సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అన్నాడు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం, తప్పు ఒప్పుకుని తిరిగి ఇచ్చేవాడు అసలు మీద ఐదో వంతు కలిపి ఇస్తే చాలు. నాలుగంతలు గొర్రెను దొంగిలించి చంపినవాడికో అమ్మినవాడికో పడే శిక్ష. అతన్ని ఎవరూ అంత అడగలేదు. కృప ముందు వచ్చింది, డబ్బు సంచీ తర్వాత విప్పాడు.

పెందుర్తి అమ్మగారు:

బాబూ, కృప ముందే. ఒప్పుకుంటాను. కానీ జక్కయ్య ఆ రోజే, ఆ ఇంట్లోనే లేచి నిలబడ్డాడు. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అనే మాట అతను సంచీ విప్పాక వినిపించింది. అది కూడా చదవండి.

మా ఆయన పాస్టర్‌గా ఉన్న ఇన్నేళ్ళలో నేను చూసిన పెద్ద తప్పు వేరే ఉంది. మోసపోయినవాళ్ళ దగ్గరికి వెళ్ళి "క్షమించకపోతే దేవుడు నిన్నూ క్షమించడు" అని బెదిరించడం. మా ఇంటికి వచ్చిన ఒక విధవరాలితో నేనూ ఒకసారి అలాగే అన్నాను. ఆవిడ మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. ఆ మాట తలుచుకుంటే ఈ రోజుకీ నాకు అన్నం సయించదు.

మత్తయి 18 తియ్యండి. యేసు చెప్పిన కథలో మొదటి దాసుడు రాజుకు బాకీ ఉన్నది 10,000 తలాంతులు. తలాంతుకు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. అంటే ఆరు కోట్ల రోజుల కూలి, ఎవడూ తీర్చేది కాదు, అయినా రాజు వదిలేశాడు. అతనికి తోటి దాసుడు బాకీ ఉన్నది 100 దేనారాలు. రాజు క్షమించినట్టు మనమూ క్షమించాలనే మనం చెప్తాం, నిజమే. కానీ ఆ తోటి దాసుడు ఏం చేశాడు? సాగిలపడి, ఓర్చుకో, చెల్లిస్తాను అని బతిమాలాడు. నోరు తెరిచి అడిగాడు. కంచరపాలెం అమ్మ దగ్గరికి ఎవరు వచ్చి అడిగారు? రాని మనిషికి ఆవిడ ఏమని జవాబు చెప్తుంది?

మత్తయి 5లో ఇంకా తిన్నగా ఉంది. నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణ బలిపీఠం ముందే వదిలిపెట్టి ముందు వెళ్ళి సమాధానపడు అని. అంటే ఆ ఆదివారం లేచి బయటికి వెళ్ళాల్సింది ఆయన. మీ అమ్మ వెనక ఉండిపోవాల్సిన పని లేదని ఆవిడతో చెప్పు బాబూ. ఇందులో సంఘం తప్పు కూడా ఉంది. మైకు ఇచ్చే ముందు "ఎవరికైనా బాకీ ఉన్నావా నాయనా" అని పెద్దలు అడగాలి.

ఎంవీపీ కాలనీ:

ఒక్క మాట. రిజిస్ట్రేషన్ లేకుండా చీటీలు నడపడం 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద నేరం. మనసులో క్షమించి కూడా కేసు పెట్టొచ్చు. కాగితం ముక్క ఏదున్నా పారెయ్యకండి.

పేరు వద్దు:

రెండు రోజులుగా చదువుతున్నాను. నేను కూడా చీటీలు నడిపి పారిపోయినవాణ్ణే. మీ వీధి కాదు, వేరే చోట. ముందు పాడుకున్నవాళ్ళు కట్టడం మానేశారు, వడ్డీకి తెచ్చి నెట్టుకొచ్చాను, చివరికి రాయపూర్ వెళ్ళిపోయాను. 14 ఇళ్ళు. నేను చేసింది మోసమే, సాకు చెప్పడం లేదు.

తిరిగొచ్చాక నేనూ ముందు సాక్ష్యమే చెప్పాను. రెండొందల మంది ముందు ఏడవడం నాకు తేలికైంది. ఒక్క గుమ్మం ముందు నిలబడటానికి ఏడు నెలలు పట్టింది. ఆవిడకి డెబ్బై ఉంటాయి. గ్రిల్లు తియ్యలేదు. కవరు నా చెమటకి మెత్తబడిపోయింది. "ఏంటది?" అన్నారు. "మీ 60 వేలలో మొదటి వెయ్యి, పెద్దమ్మా" అన్నాను. చాలాసేపు చూశారు. లోపలికి వెళ్ళిపోయారు. తలుపు వేసేస్తారనుకున్నాను. పెన్సిలు తెచ్చి, గోడకున్న క్యాలెండర్ దించి, ఆ రోజు గడిలో "1000" అని రాసి, ఊచల్లోంచి నాకు చూపించారు. క్షమించానని ఆవిడ ఇప్పటికీ అనలేదు. నెలనెలా రాస్తారు.

నెలకు రెండు మూడు ఇళ్ళకు వెళ్తాను. నా లెక్కలో మొత్తం తీరేసరికి నా ఆయుష్షు చాలదు. తీర్చలేనని తెలిసీ ఎలా వెళ్తున్నావని మా ఆవిడ అడుగుతుంది. దేవుడు నన్ను అప్పటికే చేర్చుకున్నాడు కాబట్టే వెళ్ళగలుగుతున్నాను. తిరిగి ఇస్తే చేర్చుకుంటాడని ఎవరైనా అనుంటే రాయపూర్‌లోనే ఉండిపోయేవాణ్ణి. మీ చీటీల ఆయనకు మీ అమ్మగారంటే భయం. నాకు తెలుసు, అది చచ్చే భయం. ఎవరైనా ఒక పెద్దమనిషి పక్కన నడిస్తే వస్తాడు.

గాజువాక:

అన్నా, మీరు రాసింది చదివాక ఒకటి గుర్తొచ్చింది. ఎనిమిదో రోజు నాన్న అమ్మ చెయ్యి పట్టుకుని, గాజులుండే చోట మణికట్టు చుట్టూ వేలు తిప్పారు. నోటితో ఏమీ అనలేదు. ఆయన ఇవ్వడానికి ఏమీ లేదని పైన రాశాను. అమ్మని అడిగితే వేరేలా చెప్తుందేమో.

ఒక్క చోట మాత్రం మారను. బాకీ తీరేదాకా బల్ల దగ్గరికి రావద్దు అంటే నేను ఒప్పుకోను. అలా అయితే మనలో ఎవరం వెళ్తాం?

కంచరపాలెం:

నిన్న రాత్రి అమ్మ మిషన్ ఆపాక ఇవన్నీ చదివి వినిపించాను. క్యాలెండర్ దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. గాజువాక అన్నయ్య మాట కూడా విని, "ఆ అబ్బాయి నిజమే చెప్పాడు, ఆణ్ణి బల్లకి రావద్దని నేనెప్పుడన్నాను?" అంది. కాసేపాగి, "డబ్బు సంగతి తర్వాత. చీటీ డబ్బులకి వచ్చినప్పుడల్లా అక్కా అక్కా అని పిలిచేవాడు. ఆ నోటితో ఒకసారి మా ఇంటికొచ్చి అక్కా అని పిలవాలి" అంది.

ఉదయం చూస్తే మిషన్ సొరుగులోంచి పాత చీటీ పుస్తకం బయట ఉంది. 26 నెలలూ ఆయన సంతకాలతో ఉన్నాయి. మిగతా పేజీలు ఖాళీ.

మా పాస్టర్ గారితో మాట్లాడాను. ముందే అడగకపోవడం తప్పేనని ఒప్పుకున్నారు, శనివారం తనే ఆయన్ని వెంటబెట్టుకుని వస్తానన్నారు. ఆయన వస్తాడో రాడో. ఆ మర్నాడే మొదటి ఆదివారం, సంస్కారం. వెళ్తావా అంటే అమ్మ ఇంకా ఏమీ చెప్పలేదు. శనివారం రాత్రి ఇక్కడ రాస్తాను.