3 సిరీస్, సి-క్లాస్, ఏ4: నాలుగేళ్లు వాడిన కారుగా ఏది కొనాలి?

కొత్త_తాళం:
నాలుగేళ్లు వాడిన కారు కొనాలనుకుంటున్నాను. ఎంపిక మూడింటి దగ్గర ఆగిపోయింది: బీఎండబ్ల్యూ 3 సిరీస్, మెర్సిడెస్ సి-క్లాస్, ఆడి ఏ4. రోజూ నడిపేది నేనే. సెలవు రోజుల్లో అమ్మానాన్నలు వెనుక కూర్చుంటారు. కనీసం ఎనిమిదేళ్లు ఉంచుకుంటాను. ‘మూడూ మంచివే’ అని సర్దిచెప్పకండి. ఏదో ఒక పక్షం పట్టి వాదించండి.

మలుపుల_దారి:
3 సిరీస్. నాకు రెండో మాట లేదు. 1975లో మొదటి తరం వచ్చినప్పటి నుంచి ఈ కారు వదలని పద్ధతి ఒకటుంది. ఇంజన్‌ను పొడవువాటంగా అమర్చి, శక్తిని వెనుక చక్రాలకు పంపుతారు. బరువు ముందూ వెనుకా దాదాపు సగం సగం పడుతుంది. ముందు చక్రాలకు కారును మళ్లించడమే తప్ప లాగే పని ఉండదు. ఏ4లో ఇంజన్ ముందు ఇరుసును దాటి ముక్కులోకి వచ్చి కూర్చుంటుంది. క్వాట్రో (నాలుగు చక్రాలకూ శక్తి పంపే ఏర్పాటు) లేని ఏ4 అయితే ఆ ముందు చక్రాలే లాగాలి, అవే కారును మళ్లించాలి. మలుపులో కాస్త వేగం ఎక్కువైతే చాలు, కారు బయటి అంచువైపు జారడానికి చూస్తుంది. సి-క్లాస్ కూడా వెనుక చక్రాల కారే, కాదనను. కానీ దాన్ని తీర్చిదిద్దింది హాయి కోసం. రోజూ నడిపేది మీరే అన్నారు కాబట్టి నడిపేవారి కారే కొనండి.

వెనుక_సీటు:
మలుపుల_దారి గారూ, ప్రశ్నలో అమ్మానాన్నలు ఉన్నారు, మీ జవాబులో లేరు. నా ఓటు సి-క్లాస్‌కే. అయితే అందరూ చెప్పే వెనుక చోటు కాదు నా కారణం. 2021లో వచ్చిన సి-క్లాస్ వీల్‌బేస్ (ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం) 2,865 మిల్లీమీటర్లు, 3 సిరీస్‌ది 2,851. ఆ 14 మిల్లీమీటర్లతో మోకాళ్లకు ఒరిగేదేమీ లేదు. తేడా గతుకుల మీద తెలుస్తుంది. స్పీడ్‌బ్రేకర్ దాటాక సి-క్లాస్ ఒక్కసారి ఊగి కుదురుకుంటుంది, వెనుక కూర్చున్నవారి నడుముకు దెబ్బ తగలదు.

ఒక హెచ్చరిక. మూడూ ఎత్తు తక్కువ కార్లే. మోకాళ్ల నొప్పులున్నవారు దిగేటప్పుడు తలుపు అంచు పట్టుకుని పైకి లేవాల్సిందే. బేరం ఆడకముందే పెద్దవాళ్లను తీసుకెళ్లి రెండుసార్లు ఎక్కించి దించి చూడండి. ప్లగిన్ హైబ్రిడ్ (ఇంజన్‌తోపాటు ఛార్జ్ చేసుకునే బ్యాటరీ కూడా ఉన్న) సి-క్లాస్ మీద మనసుంటే డిక్కీ కూడా తెరిచి చూడండి. మామూలు కారులో 455 లీటర్లున్న చోటు బ్యాటరీ వల్ల 315కు పడిపోతుంది.

స్పానర్_చేతి:
వాడిన కారు, పైగా ఎనిమిదేళ్లు ఉంచుకుంటానన్నారు. అలాంటప్పుడు బ్యాడ్జీ కంటే ఇంజన్ చరిత్ర ముఖ్యం. మూడు కంపెనీలకూ మచ్చలున్నాయి. బీఎండబ్ల్యూ పాత ఎన్47 డీజిల్ ఇంజన్‌లో టైమింగ్ చైన్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే గొలుసు) అరిగేది. ఆ చైన్ గేర్‌బాక్స్ వైపు ఉండడంతో దాన్ని మార్చడానికి సగం బండి విప్పాల్సి వచ్చేది. ఆడి 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ టర్బో పెట్రోల్ ఇంజన్లలో ఒక తరం పిస్టన్ రింగుల లోపం వల్ల ఇంజన్ ఆయిల్ తాగేసింది. మెర్సిడెస్ ఎం271 పెట్రోల్ ఇంజన్‌కూ చైన్ సాగే జబ్బు ఉండేది. మీరు చూస్తున్న వయసు కార్లలో ఇవి లేవు. కానీ ఏ బ్యాడ్జీ కూడా పూచీ కాదని చెప్పడానికి ఈ మూడూ చాలు.

3 సిరీస్‌లోని ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌ను తయారుచేసేది జెడ్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీ. దాని ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కారు అమ్మేవారు అంటారు. గేర్‌బాక్స్ చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. నేను తయారుచేసినవారి మాటే వింటాను. సర్వీసు పుస్తకంలో ఆయిల్ మార్పుల మధ్య పెద్ద ఖాళీలుంటే ఎంత మెరిసే కారునైనా వదిలేయండి.

ఏ4 గురించి ఒక మాట. 2024లో ఆడి దాని వారసుడికి ఏ5 అని పేరు మార్చింది. అంతమాత్రాన పాత ఏ4 చెడ్డది కాదు. మూడింటిలో లోపలి పనితనం దానిదే గట్టిదని నా అభిప్రాయం.

గాలి_ఒత్తిడి:
అందరూ కారు పేరు మీద కొట్టుకుంటున్నారు, టైరు కొలత ఎవరూ చూడలేదు. 3 సిరీస్ గట్టి, సి-క్లాస్ మెత్తన అనే మాటలో సగం వాటా టైరుదే.

టైరు పక్కన 225/45 ఆర్18 అని ఉందనుకోండి. వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం, అంటే 101 మిల్లీమీటర్లు; 18 అనేది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. అదే 225/50 ఆర్17 అయితే గోడ 112. 225/40 ఆర్19 అయితే 90 మాత్రమే. 17 నుంచి 19కి వెళ్లేసరికి గతుకుకూ మీ నడుముకూ మధ్య ఉన్న మెత్తలో రెండు సెంటీమీటర్లకు పైగా పోయింది. దానికి తోడు గాలి పోయినా కొంతదూరం నడిచేలా గోడలు గట్టిగా చేసిన రన్‌ఫ్లాట్ టైర్లుంటే గుంత తగిలిన ప్రతిసారీ రిమ్ము వంగిందేమోనని దిగి చూసుకోవాలి. 3 సిరీస్ స్పోర్ట్ వేరియంట్లలో 19 అంగుళాల చక్రాలకు వెనుక 255 వెడల్పు వేస్తారు, అంటే ముందు టైర్లు వెనక్కి మార్చి అరుగుదల సమం చేసుకునే వీలు కూడా పోతుంది.

అందుకే గట్టిగా చెబుతున్నాను: మామూలు సస్పెన్షన్‌తో, 17 అంగుళాల చక్రాలతో ఉన్న 3 సిరీస్, 19 అంగుళాల ఏఎంజీ లైన్ (స్పోర్ట్ తరహా వేరియంట్) సి-క్లాస్ కంటే మీ అమ్మానాన్నలకు మెత్తగా ఉంటుంది. ముందు వేరియంట్ తేల్చుకోండి, కంపెనీ సంగతి తర్వాత.

మలుపుల_దారి:
లెక్క ఒప్పుకుంటాను. కానీ టైరు మార్చినంత మాత్రాన ఇంజన్ ఉన్న చోటు మారదు. ఏ4కు ఏ చక్రాలు వేసినా ముక్కు బరువు ముక్కు బరువే.

గాలి_ఒత్తిడి:
నిజమే, ఆ బరువు మలుపులో తెలుస్తుంది. గతుకు మాత్రం ప్రతి వీధిలోనూ ఉంటుంది.

కొత్త_తాళం:
అయితే ఏ4 పక్కన పెట్టాను. 18 అంగుళాల సి-క్లాస్ ఒకటి, 17 అంగుళాల 3 సిరీస్ ఒకటి చూడబోతున్నాను.

స్పానర్_చేతి:
రెండింటినీ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయనివ్వాలని ముందే చెప్పండి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే మరో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. అరిగిన చైన్ చప్పుడు వినిపిస్తే ఆ మొదటి కొన్ని క్షణాల్లోనే.