ఆఫీసులో యూదు ఉద్యోగుల గ్రూప్: హెచ్‌ఆర్ అభ్యంతరానికి ఏం జవాబివ్వాలి?

న్యూజెర్సీలో ఐటీ ఉద్యోగం నాది, హెచ్‌1బీ మీద ఉన్నాను. మా టీమ్‌లో ఒక యూదు సహోద్యోగి ఉన్నారు. 2023 అక్టోబర్ తర్వాత ఆవిడకు ఆఫీసులో సూటిపోటి మాటలు ఎక్కువయ్యాయి. గాజా యుద్ధానికి ఆవిడే జవాబు చెప్పాలన్నట్టు నిలదీస్తారు. "డబ్బంతా మీవాళ్ల దగ్గరే కదా" అని జోకులు సరేసరి. యూదులకు అతి పవిత్రమైన యోమ్ కిప్పూర్ రోజుకి సెలవు అడిగితే ఆ రోజే రిలీజ్ పెట్టారు.

ఇప్పుడు ఆవిడే ముందుండి యూదు ఉద్యోగుల గ్రూప్ పెట్టాలనుకుంటున్నారు. హెచ్‌ఆర్ ఏమో మత గ్రూపులకు అనుమతి లేదంటోంది. మన ఇండియన్ల గ్రూప్ మాత్రం కంపెనీ ఖర్చుతోనే దీపావళి చేస్తుంది! ఆ కమిటీలో ఉన్నాను కాబట్టి గ్రూప్ కోసం ఇచ్చే అర్జీ మీద నన్నూ సంతకం పెట్టమన్నారు.

నాకు తెలిసినంతలో, 1964 పౌరహక్కుల చట్టంలోని టైటిల్ 7 ఉద్యోగంలో మత వివక్షనీ, జాతి వివక్షనీ నిషేధిస్తుంది. 1866 నాటి చట్టం కింద యూదులు జాతి వివక్ష కేసు కూడా వేయవచ్చని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. 2023లో గ్రాఫ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, పండగ సెలవు కాదనాలంటే వ్యాపారానికి గణనీయమైన భారం పడుతుందని కంపెనీ చూపించాలి. ఇక్కడ ఈఈఓసీకి (ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ) ఫిర్యాదు చేయడానికి 300 రోజులు, రాష్ట్ర పౌరహక్కుల విభాగానికైతే 180 రోజులే గడువు.

ఇలాంటి గ్రూప్ పెట్టించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? "మతం" అన్న అభ్యంతరాన్ని ఎలా దాటారు? ఇజ్రాయెల్ రాజకీయాలు గ్రూప్‌లో చర్చించం అని ముందే రాసివ్వడం మంచిదా, అది తలొగ్గినట్టవుతుందా? కక్షసాధింపు చట్టవిరుద్ధమని తెలుసు. కానీ వీసా మీద ఉన్నవాళ్లు సంతకం పెడితే నిజంగా ఏం జరుగుతుంది? నా టెన్షన్ అదే.