అమీన్ రయిస్ 1981 నాటి పీహెచ్‌డీ థీసిస్ తిరుపతి నుంచి తెప్పించుకోవడం ఎలా?

తిరుపతిలో ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ ఫైనలియర్ చదువుతున్నాను. నా ప్రాజెక్టు ఇండోనేషియా నాయకుడు అమీన్ రయిస్ మీద. ఈయన ఈజిప్టులోని ముస్లిం బ్రదర్‌హుడ్ మీద పరిశోధన చేసి 1981లో షికాగో యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. యోగ్యకర్తలో గజా మడా యూనివర్సిటీ ప్రొఫెసర్, తర్వాత ముహమ్మదియా అనే పెద్ద ముస్లిం సంస్థకు అధ్యక్షుడు. 1998లో దేశాధ్యక్షుడు సుహార్తో దిగిపోయిన కొద్ది నెలలకే పాన్ (నేషనల్ మాండేట్ పార్టీ) అనే పార్టీ పెట్టారు. మత రాజకీయాల గురించి అంత చదివిన మనిషి పార్టీలోకి మాత్రం అన్ని మతాలవాళ్లనీ రమ్మన్నారు. నన్ను పట్టేసిన విషయం అదే. 1999లో పార్టీకి దాదాపు 7 శాతం ఓట్లు వచ్చాయి, ఆయన ఎంపీఆర్ (ఇండోనేషియా అత్యున్నత ప్రజాప్రతినిధుల సభ) స్పీకర్ అయ్యారు. 2004 అధ్యక్ష ఎన్నికల్లో నాలుగో స్థానం.

థీసిస్‌లోని ఆలోచనలకూ ఆ పార్టీకీ సంబంధం ఉందా అని రాయాలి. అసలు థీసిస్సే దొరకట్లేదు. శోధ్‌గంగలో ఉండేవి మన దేశపు థీసిస్‌లే. కాలేజీ లాగిన్‌తో డేటాబేస్‌లలో వెతికితే పేరు కనిపిస్తోంది, ఫుల్ టెక్స్ట్ తెరుచుకోదు. లైబ్రరీలో అడిగితే విదేశీ థీసిస్‌లు తెప్పించడం కుదరదన్నారు. షికాగో లైబ్రరీకి మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు లేదు. ఆయన ఉపన్యాసాలు, ఇంటర్వ్యూలు చాలానే దొరికాయి కానీ, అవన్నీ రాజకీయాల్లోకి వచ్చాక మాట్లాడినవి. మా గైడ్ వాటిని ఒప్పుకోవట్లేదు.

వచ్చే నెల 20న సబ్మిట్ చేయాలి, టెన్షన్‌గా ఉంది. మొత్తం అక్కర్లేదు, ముగింపు అధ్యాయం స్కాన్ చాలు. అమెరికా యూనివర్సిటీల పాత థీసిస్‌లని ఇక్కడి నుంచి తెప్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఎవరికి, ఏ పద్ధతిలో అప్లై చేశారో చెప్పగలరా?