అప్‌డేట్: మెడ ఒరుసుకునే లైఫ్ జాకెట్ సంగతి

పోయిన నెల అడిగాను కదా, చెన్నై దగ్గర ముట్టుకాడులో కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) ఎక్కినప్పుడల్లా అద్దె జాకెట్ గడ్డం దాకా లేచిపోయి మెడంతా ఒరుసుకుపోతోంది, ఏం చెయ్యాలి అని. మీరు చెప్పినట్టే సొంతది కొన్నానండి, ఛాతీ కొలత చూసుకుని. పెద్దవాళ్ళకి అదే లెక్కట, బరువు చూసేది పిల్లలకి. 50 న్యూటన్లది (నీళ్ళలో మనల్ని తేల్చే బలం లెక్క అది) తీసుకున్నా, కానీ అది ఈత బాగా వచ్చి ఒడ్డు దగ్గరే తిరిగేవాళ్ళకి, ఈత రానివాళ్ళు కనీసం 100ది చూడండి ప్లీజ్.

అసలు తేడా పట్టీల్లోనే ఉంది! ఇన్నాళ్ళూ భుజాలవి ముందు లాగేసేదాన్ని. ఇప్పుడు అన్నీ వదులు చేసి, జిప్ వేసి, నడుము పట్టీ ముందు బిగించి, తర్వాత పక్కలవి, చివర్లో భుజాలవి. మా ఆయన భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా పైకి లాగి చూశారు, కదల్లేదు. కూర్చుని కూడా చూసుకోండి, నిలబడితే బానే ఉన్నది కూర్చుంటే పైకి తంతుంది.

ఆదివారం రెండు గంటలు తెడ్డేశాను, చెమట పట్టింది గానీ ఒక్కసారి కూడా విప్పాలనిపించలేదు, మెడ ఎర్రగా కూడా అవ్వలేదు, ఎంత హాయిగా ఉందో. మా పాపకి ఇంకా వెతుకుతున్నా, కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది చెన్నైలో ఎక్కడైనా చూస్తే చెప్పండి.