అప్‌డేట్: కాల్షియం మాత్ర మార్చుకున్నాను

గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్న సంచిలా చేసి పేగుకు కలిపే ఆపరేషన్) చేయించుకున్న నేను కాల్షియం కార్బొనేట్ వాడాలా, సిట్రేట్ వాడాలా అని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. తిరుపతిలో మా డాక్టరుగారిని మళ్లీ కలిసి సిట్రేట్‌కు మారాను. కార్బొనేట్ కరగడానికి ఆమ్లం కావాలి, ఆపరేషన్ తర్వాత మిగిలిన చిన్న సంచిలో అది బాగా తక్కువ. సిట్రేట్‌ను అన్నం తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు.

అయితే నేను పొరబడిన చోటు వేరే ఉంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 1000 మి.గ్రా. అని చూసి రోజుకు ఒకటి చాలుననుకున్నాను. అది సిట్రేట్ మొత్తం బరువనీ, అందులో అసలు కాల్షియం 21 శాతమే, అంటే సుమారు 210 మి.గ్రా. అనీ డాక్టరుగారు వెనుకవైపు చీమ తలకాయంత అక్షరాలు చూపించి చెప్పారు. నాకు కావలసిన అసలు కాల్షియం రోజుకు 1200 నుంచి 1500 మి.గ్రా.; అదీ ఒక్కసారిగా ఒంటబట్టదు గనుక 500 చొప్పున మూడు పూటలా వేసుకోవాలి.

ఐరన్ మాత్రకు, దీనికి కనీసం 2 గంటల ఎడం పాటిస్తున్నాను. మాత్ర మాత్రం చింతగింజంత ఉంది, విరిస్తే గానీ గొంతు దిగదు. విటమిన్ డి, పీటీహెచ్ (రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే హార్మోను) పరీక్షలకు రక్తం ఇచ్చి వచ్చాను. ఫలితాలు రాగానే రాస్తాను.